గొడుగాయన గారి చిరునామా

మా పెద్దమ్మకి లోకంలో అందరి మీదా ప్రేమే గానీ, ఎవరైనా తన ఎదురుగా నిలబడి ఇంటి అడ్రసు చెప్పబోతే మాత్రం ఊరుకోదు. మాట పూర్తికాకముందే అడ్డం పడిపోతుంది. ఇందులో విచిత్రం ఏముందంటారేమో. అడ్రసులు రాసుకోవడమే ఆవిడ ఉద్యోగం.

బొంతల దగ్గర్నుంచి బకెట్ల దాకా, చంటిపిల్లల మంచాల దగ్గర్నుంచి ముసలివాళ్ళ చేతికర్రల దాకా ఇంటికి కావలసినవన్నీ దొరికే పెద్ద కొట్టు మేము పనిచేసేది. పెద్దమ్మ అందులో బిల్లు కౌంటర్లో కూర్చుంటుంది. నేను పక్క కౌంటర్లో. నన్ను అక్కడ చేర్పించింది కూడా ఆవిడే. బిల్లు కొట్టాలంటే ముందు కంప్యూటర్లో కొన్నవాళ్ళ పేరు, ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, పుట్టినరోజు నింపాలి. ఒక్క గడి ఖాళీగా వదిలినా ఆ కంప్యూటరు అంగుళం ముందుకు కదలదు. అలా ఒకసారి దొరికిన అడ్రసుకి మా కంపెనీ ఇక జన్మంతా కాగితాలు పంపుతూనే ఉంటుంది. తగ్గింపు ధరలు, మరింత తగ్గింపు ధరలు, తగ్గింపు నేటితో ఆఖరు, ఆఖరు తేదీ పొడిగించాం.

"రాసుకోమ్మా, ఇంటి నంబరు..." అని ఎవరో పెద్దాయన మొదలుపెడతాడు.

పెద్దమ్మకి వెంటనే దగ్గు వస్తుంది.

"ఇంటి నంబరు..."

ఈసారి ఇంకా పెద్ద దగ్గు.

"కాసిని మంచినీళ్ళు తాగమ్మా."

"నాకు దగ్గేం లేదండీ. మీరు అడ్రసు చెప్పేస్తున్నారని."

"నువ్వే కదా అడిగావు?"

"అడగడం నా ఉద్యోగం. చెప్పడం మీ ఖర్మ. ఇంతకీ ఏం కొన్నారు?"

"బకెట్టు."

"ఇంటిదాకా మోసుకెళ్ళగలరా?"

"బకెట్టే కదా, వెళ్ళగలను."

"అయితే మీ ఇల్లెక్కడో మీకు తెలిస్తే చాలు. బకెట్టుకి తెలియక్కర్లేదు, మా కంపెనీకి అసలే తెలియక్కర్లేదు. వెళ్ళిరండి."

మరి గడులు ఎలా నిండుతాయి? అడ్రసు గడిలో పెద్దమ్మ తన ఇంటి అడ్రసే కొట్టేస్తుంది. ఫోన్ గడిలో మా మేనేజరు గది ఫోన్ నంబరు. పుట్టినరోజు గడిలో తన పెళ్ళిరోజు. ఇక పేరు దగ్గర చిక్కు వచ్చింది. అందరికీ తన పేరే పెడదామంటే కంప్యూటరు ఒప్పుకోదు, ఈ పేరు ముందే ఉంది అంటుంది. అందుకని ఎదురుగా ఉన్న మనిషిని ఎగాదిగా చూసి, తోచిన పేరు కొట్టేస్తుంది. గొడుగాయన. నీలం చీరావిడ. తొందరాయన. బేరాలావిడ. చిల్లర లేనాయన. చిల్లర ఉన్నా ఇవ్వనాయన.

కంప్యూటరుకి మర్యాద ఎక్కువ, బుర్ర తక్కువ. 'గౌరవనీయులైన తొందరాయన గారికి' అని అచ్చు వేసిన ఉత్తరాలు పెద్దమ్మ ఇంటికి వచ్చిపడుతుండేవి. 'నీలం చీరావిడ గారూ, మిమ్మల్ని చూసి చాలా రోజులైంది, మీకోసం మేము ఎదురుచూస్తున్నాం' అని ఒకటి. 'గొడుగాయన గారూ, మీవంటి వారే మాకు నీడ' అని ఇంకొకటి. పెద్దమ్మ పెళ్ళిరోజున ఊరందరి పుట్టినరోజు శుభాకాంక్షలూ ఒక్కసారిగా దిగేవి. ఆ రోజు పోస్టాయన వేరే వీధులు మానుకుని వాళ్ళింటికే వచ్చేవాడు.

"ఇది ఇల్లా, సత్రమా అమ్మా?" అని అడిగాడొకసారి, గోనెసంచీ కింద పడేసి నడుం పట్టుకుని.

"ఇల్లే నాయనా."

"మరి ఇంతమంది ఎక్కడ పడుకుంటారు?"

"వాళ్ళు పడుకోరు. కొంటూ ఉంటారు."

ఈ కాగితాలన్నిటికీ అసలైన పాఠకుడు మా పెదనాన్న. ఏదో ప్రైవేటు బడిలో డ్రాయింగు మాస్టారుగా చేసి, పింఛనూ గింఛనూ లేకుండా ఇంటికొచ్చి కూర్చున్న మనిషి. ఇల్లు గడిచేది పెద్దమ్మ జీతంతోనే. పొద్దున్నే కళ్ళజోడు పెట్టుకుని, గుట్టలోంచి ఒక్కొక్కటీ తీసి, మొదటి అక్షరం నుంచి అచ్చాఫీసు పేరు దాకా చదివేవాడు.

"ఏమే, ఈతకొలను శుభ్రం చేసే యంత్రం సగం ధరకే ఇస్తున్నారట."

"మనకి ఈతకొలను ఉందా?"

"అదే, అది కూడా తగ్గింపులో ఉందేమోనని చూస్తున్నా."

ఆ ఇంట్లో బీరువా అరల్లో కాగితాలు, వంటింటి గట్టు మీద కాగితాలు, కుంటి బల్ల కాలి కింద ఒక లావుపాటి చలికాలపు ప్రత్యేక సంచిక. పెదనాన్న వాటి వెనకవైపు పెన్సిలుతో బొమ్మలు వేసేవాడు. వేరే ఆడవాళ్ళయితే ఈ చెత్తంతా ఏమిటని మొగుడి మీద విసుక్కుంటారు. పెద్దమ్మకి ఆ వీలు లేదు, తెచ్చిపెట్టింది తనే.

చుట్టాలింటికి వెళ్ళినా ఆవిడ తీరు అదే. మెట్ల కింద ఉన్న పోస్టు డబ్బా చూశాకే గుమ్మం ఎక్కేది. "ఎవరికి చెప్పావు నీ అడ్రసు? నిజం చెప్పు" అని మా అమ్మని నిలదీసేది. బ్యాంకులో మా అమ్మ ఏదో ఫారం నింపుతుంటే వెనకనించి చెయ్యి పట్టుకుని లాగి, 'మా పథకాల వివరాలు పంపవచ్చును' అన్నచోట పెట్టబోతున్న టిక్కుని ఆఖరి నిమిషంలో ఆపింది. ఆ లాగుడికి పెన్ను పక్కాయన చొక్కా మీద పెద్ద గీత గీసింది. పాపం ఆయన ఎవరో, తన ఫారం కూడా నింపకుండా లేచి వెళ్ళిపోయాడు. "చూశావా, ఇంకొకడు బతికాడు" అంది పెద్దమ్మ.

ఇక్కడో తమాషా ఉంది. కొట్టులో అందరికంటే ఎక్కువ అడ్రసులు రాబట్టేది పెద్దమ్మేనని కంపెనీ లెక్కల్లో తేలింది. తేలదూ మరి? ఒక్క గడి కూడా ఖాళీ ఉంచదు, ఒక్క మనిషినీ వదలదు. నేను నిజాయితీగా అడిగితే సగంమంది మొహం తిప్పుకుని పోయేవాళ్ళు, నా లెక్క ఎప్పుడూ అడుగునే ఉండేది. మేనేజరు పెద్దమ్మ యూనిఫాం కోటుకి 'ఉత్తమ ఉద్యోగి' అనే పిన్ను తగిలించి, నా వైపు తిరిగి, "మీ పెద్దమ్మగారిని చూసి నేర్చుకోమ్మా" అనేవాడు.

ఆ మేనేజరు బాధ వేరే ఉండేది. రోజూ ఆయన గదిలో ఫోను మోగేది.

"గొడుగాయన గారాండీ? మీకోసం కొత్త పరుపులు వచ్చాయండీ."

"గొడుగాయన ఎవడయ్యా? రాంగ్ నంబర్!"

మళ్ళీ మోగేది. "బేరాలావిడ గారున్నారాండీ?"

ఫోన్ చేస్తున్నది తమ కంపెనీవాళ్ళేనని ఆయనకి తెలుసు. ఎవరి కోసం చేస్తున్నారో మాత్రం తెలియదు. "ఈ గొడుగాయన ఎవడో దొరికితే బాగుండును" అని పళ్ళు నూరేవాడు. పెద్దమ్మ ఉలుకూ పలుకూ లేకుండా బిల్లులు కొట్టుకునేది.

ఇలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, ఒకనాటి ఉదయం మేనేజరు మెరిసిపోతున్న మొహంతో నా కౌంటరు దగ్గరికి వచ్చాడు. వెనకాల హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఒకావిడ, చేతిలో రంగుకాగితం చుట్టిన పెద్ద బహుమతి బుట్ట, భుజాన కెమెరాతో ఒక ఫోటోగ్రాఫరు.

"అమ్మాయ్, మన కంపెనీ మొత్తంలో అందరికంటే ఎక్కువ కొన్న కుటుంబం మన ఊళ్ళోనే ఉందట! ఒకే ఇల్లు! ఒకే చిరునామా! మేడం స్వయంగా సన్మానించడానికి వచ్చారు. ఈ వీధి నీకు తెలుసా?"

చీటీ చూశాను. అది పెద్దమ్మ ఇంటి అడ్రసే. ఆ రోజు పెద్దమ్మకి వారపు సెలవు, ఇంట్లోనే ఉంటుంది. వీళ్ళు వెళ్ళి తలుపు తడితే ఆవిడ ఉద్యోగం అక్కడికక్కడే ఊడుతుంది. ఊడితే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో నాకు తెలుసు.

"చెప్పులు మార్చుకుని వస్తానండీ" అని గోదాములోకి పరిగెత్తి ఫోన్ చేశాను. పెదనాన్న ఎత్తాడు.

"పెదనాన్నా, పెద్దమ్మని పిలవండి!"

"తలంటు పోసుకుంటోందమ్మా."

"హెడ్డాఫీసు వాళ్ళు మీ ఇంటికొస్తున్నారు! గొడుగాయన కోసం!"

"గొడుగాయన మనింట్లో లేడుగా?"

"అదే చెప్పండి వాళ్ళకి! లేరని చెప్పి పంపించేయండి!"

నేను చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటించాడు మా పెదనాన్న. అదే మా కొంప ముంచింది.

నేను దారి చూపిస్తూ వాళ్ళతో వెళ్ళి తలుపు తోసేసరికి ఆయన గది మధ్యలో, కాగితాల గుట్టల నడుమ, కళ్ళజోడు ముక్కు మీదకి జారి నిలబడి ఉన్నాడు. హెడ్డాఫీసావిడ గది అంతా ఒకసారి కలయజూసింది. మొహంలో నవ్వూ లేదు, కోపమూ లేదు. చేతిలో ఉన్న జాబితా తెరిచింది.

"గొడుగాయన గారు ఉన్నారాండీ?"

"లేరండీ. ఇప్పుడే బయటికెళ్ళారు."

"తొందరాయన గారు?"

"ఆయన ఇంకా ముందే వెళ్ళిపోయారు."

"నీలం చీరావిడ గారు?"

పెదనాన్న లోపలి గది వైపు ఒకసారి చూశాడు. "చీర మార్చుకుంటున్నారు."

"చిల్లర లేనాయన?"

"చిల్లర కోసమే వెళ్ళారు."

మేనేజరు ఒక్క అడుగు ముందుకేసి పెదనాన్న రెండు చేతులూ పట్టుకున్నాడు. "అయితే గొడుగాయన గారు ఉండేది ఇక్కడేనన్నమాట! ఆయన కోసం రోజూ నాకు ఫోన్లు! ఆయన్నొకసారి చూడాలండీ, ఒక్కసారి!"

సరిగ్గా అప్పుడు తలకి తువ్వాలు చుట్టుకుని పెద్దమ్మ లోపల్నించి వచ్చింది. "ఎవరండీ వచ్చిందీ?" అంటూ వచ్చి, మేనేజరుని చూసి ఆగిపోయింది. మేనేజరు ఆవిణ్ణి చూశాడు. కాగితాల గుట్టలు చూశాడు. మళ్ళీ ఆవిణ్ణి చూశాడు. ఆయన మొహంలో ఒక్కొక్క గడే నిండుతూ వచ్చింది.

"మీరా!" అన్నాడు. "నా ఫోను కూడా మీరేనా!"

పెద్దమ్మ అబద్ధం చెప్పలేదు. అన్నిటికీ తలూపింది. అవును, అడ్రసులన్నీ నావే. అవును, పేర్లు నేనే పెట్టాను. అవును, ఫోను నంబరు మీదే, అది నాకు నోటికి వచ్చు కాబట్టి. మేనేజరు హెడ్డాఫీసావిడ వైపు తిరిగి, "మేడం, రేపట్నుంచి ఈవిడ కొట్టులో అడుగు పెట్టదు. ఆ పిన్ను కూడా వెనక్కి తీసుకుంటాను" అన్నాడు. పెద్దమ్మ తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న యూనిఫాం కోటు నుంచి పిన్ను తీసి, ఆయన చేతిలో పెట్టింది.

"ఎందుకు చేశారు?" అని అడిగింది హెడ్డాఫీసావిడ.

పెద్దమ్మ తలకున్న తువ్వాలు సర్దుకుంది.

"కొనేవాళ్ళు డబ్బులేమైనా ఇచ్చేవారా?"

"ఛ ఛ."

"మరి ఎందుకు?"

పెద్దమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. మా పెదనాన్న నోట్లో నువ్వుగింజ నానదు. పైగా పెళ్ళాన్ని ఎవరో దొంగలా నిలబెట్టారని ఆయనకి కడుపు మండింది.

"మా ఈ పిల్లకొచ్చే కాగితాలు మానిపించడానికి మొదలెట్టిందమ్మా!" అన్నాడు.

"మీరు ఊరుకోండి!" అని పెద్దమ్మ గట్టిగా అరిచింది. అరిచి నా వైపు చూసింది. నాకు అప్పుడు అర్థమైంది.

నేను ఈ కొట్టులో చేరకముందు, మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, బుజ్జి పరుపొకటి కొనుక్కున్నాను. బిల్లు కొట్టింది పెద్దమ్మే. అప్పట్లో ఆవిడ గడులన్నీ నిజమే నింపేది. మా అడ్రసు, చంటిపిల్లల సామాన్లకి అదనంగా అడిగే ఎన్నో నెల, పురుడు ఎప్పుడు, అన్నీ మురిసిపోతూ కొట్టింది. తర్వాత ఆ బిడ్డ నాకు దక్కలేదు. కాగితాలు మాత్రం దక్కాయి. 'అమ్మా, మీ పాప ఇప్పుడు మీ గొంతు గుర్తుపడుతుంది' అని ఒకటి వచ్చింది. 'మీ పాప ఇప్పుడు నవ్వుతుంది' అని ఇంకొకటి. అది చేత్తో పట్టుకుని మా మెట్ల మీద ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. ఆ తర్వాత ఉన్నట్టుండి రావడం మానేశాయి. కంపెనీకి తెలిసిందేమో, పోనీలే, మంచివాళ్ళే అనుకున్నాను. కంపెనీకి ఎవరు చెబుతారన్నది నాకు తట్టనే లేదు.

"హెడ్డాఫీసుకి ఫోన్ చేశాను" అంది పెద్దమ్మ, ఇక దాచి లాభం లేదనుకుని. "ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు. ఆఖరికి ఒక అబ్బాయి దొరికాడు. బిడ్డ లేదు నాయనా, పేరు తీసేయమన్నాను. తీసేయడం కుదరదండీ, అడ్రసు మార్చడం అయితే కుదురుతుంది అన్నాడు. మార్చేశాను, మా ఇంటికి. ఆ మర్నాడు కౌంటర్లో ఇంకో పిల్ల చంటిపిల్లల చొక్కాలు కొని అడ్రసు చెప్పబోయింది. నాకు దగ్గొచ్చింది. అప్పట్నుంచి తగ్గలేదు."

"అవి ఇప్పటికీ వస్తున్నాయి" అన్నాడు పెదనాన్న మెల్లగా. "ఇంటికొచ్చిన ప్రతి కాగితమూ చదువుతానమ్మా నేను. అవి మాత్రం చదవను."

నాకు ఏడుపు రాలేదు. ఆవిడ నాకోసం ఇంత చెత్త ఇంట్లో పెట్టుకుని, దాన్ని పిచ్చి అనిపించుకుంటూ, నాతో కూడా నవ్వించుకుందన్నమాట. పక్క కౌంటర్లో కూర్చుని ఆవిణ్ణి చూసి అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే. వెళ్ళి ఆవిణ్ణి వాటేసుకున్నాను. "చాల్లే, తడి తల" అంది, కానీ వదిలించుకోలేదు.

హెడ్డాఫీసావిడ జాబితా మూసేసింది. "తీసేయడానికి మీట లేదా?" అని మేనేజరుని అడిగింది.

"లేదండీ. ఒకసారి చేరితే జన్మంతా మన కుటుంబమే అని మీరే కదండీ పెట్టించారు?"

"నేనే పెట్టించాను" అంది ఆవిడ. గుట్టలోంచి ఒక ఉత్తరం తీసి, పైన ఉన్న పేరు చదివింది. అంతసేపూ కదలని ఆ మొహం కదిలింది. నవ్వు ఆపుకోవడానికి ఆవిడ పడ్డ అవస్థ మేమంతా చూశాం. "మీ మీద చర్య తీసుకోవాలి. తీసుకుంటాను. పిన్ను ఇక రాదు. ఉద్యోగం మాత్రం ఉంటుంది. రేపు కొట్టుకి రండి, ఆ గడులెలా ఉండాలో నా పక్కన కూర్చుని చెప్పండి."

మేనేజరు ఏదో అనబోయాడు. "ముందు మీ ఫోను నంబరు తీయిద్దామా, వద్దా?" అంది ఆవిడ. ఆయన వెంటనే పెద్దమ్మ పక్షానికి వచ్చేశాడు.

అందరూ గుమ్మం దాటుతుంటే పెదనాన్న గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, మరి ఆ బుట్ట?"

"ఏవండీ!" అంది పెద్దమ్మ.

"నాకోసం కాదే. గొడుగాయన వస్తే అడుగుతాడని."

హెడ్డాఫీసావిడ బుట్ట కుంటి బల్ల మీద పెట్టి వెళ్ళింది. గొడుగాయన ఎంతకీ రాలేదు. అందులోని బిస్కట్లు పెదనాన్నే తినాల్సి వచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకి మా కంప్యూటర్లన్నిటిలోనూ కొత్తగా 'వద్దు' అనే మీట వచ్చింది. అది నొక్కితే ఏ గడీ నింపక్కర్లేదు. పేరు తీసేయడానికి ఇంకొకటి వచ్చింది. పెద్దమ్మ ఆ రెండోది మొట్టమొదట ఎవరి కోసం నొక్కిందో నేను అడగలేదు. 'వద్దు' మీటని మాత్రం ఆవిడ ఎంత గట్టిగా నొక్కేదంటే కొన్నాళ్ళకే అది ఊడి చేతికొచ్చింది. పోస్టాయన నడుం నొప్పి తగ్గింది. పెదనాన్న మాత్రం చదువుకోవడానికి ఏమీ లేక చిక్కిపోయాడు.

మా అమ్మాయి పుట్టాక, దాన్ని చంకనేసుకుని పరుపు కొనడానికి వెళ్ళాను. పెద్దమ్మ కౌంటర్లోనే నిలబడ్డాను. ఆవిడ చెయ్యి అలవాటుగా 'వద్దు' మీద పడబోయింది.

"ఆగు పెద్దమ్మా. ఈసారి గడులన్నీ నింపు. మా అడ్రసు, దీని పుట్టినరోజు, అన్నీ నిజమే రాయి."

పెద్దమ్మ చెయ్యి గాల్లోనే ఆగింది. "రానీయమంటావా ఆ కాగితాలు?"

"రానీ. ఇప్పుడు నాకేం భయం లేదు. నవ్వుతుందనీ, పళ్ళొస్తాయనీ రాస్తారుగా, చదువుకుంటాను."

ఆవిడ నన్ను చూసింది. తర్వాత పాపని చూసింది, చాలాసేపు. వెనకాల నిలబడ్డవాళ్ళు సణుగుతున్నా పట్టించుకోలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వేలు చాపి, టక్కున 'వద్దు' నొక్కేసింది.

"పెద్దమ్మా!"

"నోర్ముయ్. నీ కూతురికి పళ్ళొస్తే హెడ్డాఫీసు వాళ్ళు నీకు ఉత్తరం రాయాలా? అది కొరికితే నీకు తెలియదూ?"